రెండడుగుల ట్యాంకులో ఎవరి చేప ఉండాలి?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తాను. మూడో తరగతి చదివే వాళ్ల పాప పుట్టినరోజుకి భర్త ఒక అక్వేరియం కొన్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. శనివారం సాయంత్రం ట్యాంకు, రాళ్లు, ఫిల్టర్, చేపలు అన్నీ ఒకే షాపులో కొని, రాత్రి భోజనాల వేళకల్లా బోరు నీళ్లు నింపి చేపల్ని వదిలేశారు. పాప నీలం రంగు ఫైటర్‌ని ఎంచుకుంది. భర్తకి ఏంజెల్స్ నచ్చి రెండు తీసుకున్నారు. షాపతను "యాక్టివ్‌గా తిరుగుతాయి సార్" అని నాలుగు టైగర్ బార్బ్‌లు, "నాచంతా ఇదే తినేస్తుంది, మీరు కడగక్కర్లేదు" అని ఒక ట్యాంక్ క్లీనర్ చేప అంటగట్టాడు. వాళ్ల అత్తగారు వాస్తుకి మంచిదన్నారని మర్నాడు మరిది వచ్చి రెండు గోల్డ్ ఫిష్‌లు ఇచ్చి వెళ్లాడు. మొత్తం పది.

ఇప్పటికి మూడు వారాలు. తొమ్మిదో రోజున ఒక గోల్డ్ ఫిష్ చచ్చిపోయింది. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా అయిపోతుంటే ఈవిడ ప్రతి ఆదివారం నీళ్లన్నీ తోడేసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ అన్నీ బోరు కుళాయి కింద రుద్ది కడిగి మళ్లీ నింపుతున్నారు. ఫైటర్ తోక పాత గుడ్డ చిరిగినట్టు చిరిగిపోయింది, అది ఫిల్టర్ వెనకనుంచి బయటికి రావట్లేదు. పక్కింటివాళ్లు ఆర్‌ఓ నీళ్లు పొయ్యమంటున్నారు. అత్తగారు "ఇంటికి రావాల్సిన కీడు ఆ చేప తీసుకుపోయింది, ఇంకోటి తెండి, అసలు ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది, తొమ్మిది ఉండాలట" అంటున్నారు. భర్త "ఈ గోల మనకెందుకు, ఆదివారం చెరువులో వదిలేసి వద్దాం" అంటున్నారు. పాప రోజూ స్కూల్ బస్సు ఎక్కేముందు చేపల్ని లెక్కపెట్టుకుని వెళ్తోంది. ఏ చేపతో ఏది పడుతుంది, మరిది ఇచ్చినదాన్ని తీసేస్తే ఇంట్లో ఏమనుకుంటారు, చెరువులో వదలొచ్చా, ఇవీ ప్రశ్నలు. ఉత్తరం చివర్లో ఒక మాట రాశారు: "తెచ్చింది అందరూ, కడిగేది నేనొక్కదాన్నే."

నేను ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతానండీ. మీరు పడుతున్న కష్టం కాస్త తగ్గించుకుంటే చేపలకి కూడా మేలు. ఇది తప్పు పట్టడం కాదు, ట్యాంకు అమ్మినవాడు ఆ రోజే చెప్పాల్సిన ముక్క మీకెవరూ చెప్పలేదు. చేపలు వదిలే మలం, మిగిలిన మేత కుళ్లి నీళ్లలో అమ్మోనియా తయారవుతుంది. అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. ట్యాంకు కొంచెం పాతబడితే ఫిల్టర్ స్పాంజ్‌లో, రాళ్ల మీద ఒక రకం బ్యాక్టీరియా పెరిగి ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది (అదీ విషమే), ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది చాలావరకు చేపలు ఓర్చుకునేదే. ఈ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ ఇంట్లో మొదటి రోజే చేపలు దిగాయి, ఆదివారం ఆదివారం మీరు ఆ బ్యాక్టీరియాని రుద్ది కడిగేస్తున్నారు, అంటే మూడు వారాలుగా మీ ట్యాంకు మొదటి వారంలోనే ఆగిపోయింది. పైగా మన బోరు నీళ్లలో చాలాచోట్ల పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎక్కువగా ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషపూరితం అవుతుంది. కాబట్టి ఆ గోల్డ్ ఫిష్ దేనితోనో గొడవపడి చావలేదని నా నమ్మకం. నీళ్లు తెల్లగా మారడం కూడా కొత్త ట్యాంకుల్లో జరిగేదే, దాన్ని చూసి కంగారుపడి అంతా కడగడం వల్లే మళ్లీ మళ్లీ వస్తోంది.

నాకూ ఇది పుస్తకం చదివి తెలియలేదు. మున్సిపల్ కుళాయి కింద స్పాంజ్ తళతళా మెరిసేలా కడిగి, క్లోరిన్‌తో ఉన్న బ్యాక్టీరియానంతా చంపుకుని, వారంలో ఐదు చేపల్ని పోగొట్టుకున్నాక తెలిసింది. మీది బోరు నీళ్లు కాబట్టి క్లోరిన్ టెన్షన్ లేదు. మున్సిపల్ నీళ్లు వాడాల్సొస్తే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి పోయండి.

ఈ ఆదివారం నుంచి నీళ్లన్నీ తోడొద్దు. రోజు విడిచి రోజు పావు వంతు, అంటే పదకొండు పన్నెండు లీటర్లకి మించకుండా, తీసి కొత్త నీళ్లు పోయండి. ఒక నెల గడిచాక వారానికి ఒకసారి పావు వంతు చాలు. స్పాంజ్‌ని తీసిన ట్యాంకు నీళ్లలోనే రెండుసార్లు పిండితే సరిపోతుంది, మురికిగా కనిపించినా పర్లేదు. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. ఎవరు వేశారో తెలియక ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు వేస్తుంటారు, ఆ డబ్బా మీ దగ్గర పెట్టుకోండి. అమ్మోనియా, నైట్రైట్ చూపించే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కుంటే ఊహించుకునే పని ఉండదు. తెలిసినవాళ్ల ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజ్‌లో చిన్న ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి, పెరుగుకి తోడు వేసినట్టే పనిచేస్తుంది.

ఆర్‌ఓ నీళ్ల మాట వినకండి. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, అచ్చంగా అవే పోస్తే పీహెచ్ నిలకడగా ఉండదు. మీ బోరులోలాంటి, ఖనిజాలు ఎక్కువుండే గట్టి నీళ్లు తట్టుకునే చేపల్ని ఎంచుకోవడం అంతకంటే తేలిక.

ఇక ఏది దేనితో పడుతుంది అన్న ప్రశ్న. మీ ట్యాంకు మొత్తం కొలిస్తే 56 లీటర్లు, రాళ్లు పోను, అంచుదాకా నింపరు కాబట్టి నీళ్లు 45 లీటర్ల దాకా ఉంటాయేమో. అందులో ఐదు రకాలున్నాయి, ఐదూ ఒకదానికొకటి పడనివే. ఇంత కచ్చితంగా పడని జాబితా కావాలని రాసినా కుదరదు.

టైగర్ బార్బ్‌కి పక్క చేపల పొడవాటి రెక్కలు కొరికే అలవాటుంది. ఎనిమిది పది కలిసి ఉంటే తమలో తాము తరుముకుంటూ కాలక్షేపం చేస్తాయి, మూడో నాలుగో ఉంటే ఆ సరదా అంతా పక్కవాళ్ల మీద తీర్చుకుంటాయి. మీ ఫైటర్ తోక వాటి పనే అనుకుంటున్నాను, ఏంజెల్స్ రెక్కలకి కూడా అదే గతి పట్టబోతోంది. ఏంజెల్ అమెజాన్ ప్రాంతపు చేప, ఇప్పుడు రూపాయి బిళ్లంత ఉన్నా పెరిగితే అరచేయంత అవుతుంది, పొడవుకంటే ఎత్తు ఎక్కువ, దానికి అడుగు ఎత్తు ట్యాంకులో రెక్క చాచే చోటుండదు. నోట్లో పట్టే చిన్న చేప కనిపిస్తే తినేస్తుంది. మీవి రెండూ జత కట్టి గుడ్లు పెడితే ఆ మూలకి ఇంక ఎవర్నీ రానివ్వవు.

గోల్డ్ ఫిష్ సంగతి వేరు. అది పోట్లాడదు. కానీ మిగతా వాటికంటే చల్లటి నీళ్లు కోరుకుంటుంది, విపరీతంగా తింటుంది, తిన్నదంతా వదుల్తుంది, సరిగ్గా పెరిగితే జానెడు అవుతుంది. మన సినిమాల్లో చిన్న గాజు గిన్నెలో తిరుగుతూ కనిపిస్తుంది కాబట్టి అది చిన్న చేప అని మనందరి నమ్మకం. ఇక ట్యాంక్ క్లీనర్. ఆ పేరు పెట్టినవాడికి దణ్ణం. అది కొంత నాచు తినే మాట నిజమే, తినేదానికి తగ్గట్టే దారాల్లా మలం కూడా వదుల్తుంది, బాగా బతికితే అడుగు దాటి పెరుగుతుంది. అంటే మీ ట్యాంకు వెడల్పులో అది వెనక్కి తిరగలేదు. రాత్రిళ్లు గోల్డ్ ఫిష్‌లాంటి నెమ్మది చేపల ఒంటికి అతుక్కుని జిగురు పీల్చడం కూడా కొన్నిటికి అలవాటవుతుంది.

ఫైటర్ థాయిలాండ్ వైపు చేప, పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే షాపుల్లో గ్లాసుడు నీళ్లలో పెట్టినా చావకుండా ఉంటుంది. దానికి అదే చాలని కాదు. మగ ఫైటర్ ఇంకో మగ ఫైటర్‌ని బతకనివ్వదు, రంగుల తోక ఉన్న మగ గప్పీని చూసినా ఇంకో ఫైటర్ అనుకుని మీద పడుతుంది. నేను ఒకసారి "కలిసుంటాయి" అన్న మాట నమ్మి నాలుగు గప్పీల్ని ఒక ఫైటర్‌తో వేస్తే తెల్లారేసరికి రెండిటికి తోకల్లేవు.

కాబట్టి ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ఫైటర్‌ని తీసి, పది పదిహేను లీటర్ల టబ్బులో, ఆ ట్యాంకు నీళ్లతోనే విడిగా పెట్టండి. మూత ఉండాలి, గెంతుతుంది, కానీ గాలి ఆడాలి. దానికి మందుల కంటే ముందు కావాల్సింది మంచి నీళ్లు, ప్రశాంతత. టబ్బులో ఫిల్టర్ లేకపోతే రోజూ మూడో వంతు మార్చండి.

మిగతా నిర్ణయం తొందరేం లేదు. మీ ఇంట్లో ఒక్కొక్కరూ తమకి నచ్చిన చేపని వేశారు, షాపతను తనకి అమ్ముడుపోవాల్సింది వేశాడు. చిన్న ట్యాంకులో అలా కుదరదు, ముందు ఒక్క రకాన్ని ఇంటి యజమానిగా ఎంచుకుని, దానికి సరిపడేవాళ్లు ఉంటే ఉంచాలి, లేకపోతే అదొక్కటే ఉండాలి. అది ఏది అన్నదాన్ని బట్టి మీకు కొన్ని దారులున్నాయి.

పాప ఫైటరే యజమాని అనుకుంటే మిగతా ఎనిమిదీ వెళ్లిపోవాలి. 45 లీటర్లలో ఒక్క ఫైటర్, కొన్ని మొక్కలు, ఒక నత్త, చాలా అందంగా ఉంటుంది, మీకు పని కూడా తక్కువ. కింద తిరిగే కోరీలు ఓ అరడజను వేయొచ్చంటారు, కొందరి ఇళ్లలో బాగానే ఉంటాయి, కానీ వాటికి మీసాలు గీసుకుపోకుండా సన్నటి ఇసుక కావాలి, మన ఏప్రిల్ మే వేడికి వేడెక్కిన నీళ్లు వాటికి పడవు. నేనైతే హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ లేని గదిలో పెట్టను. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, అత్తగారికి ట్యాంకులో ఒక్క చేపే కనిపిస్తుంది, అదీ నీలం రంగుది.

రెండో దారి చెప్పాలని నాకు ఉత్తరం చదువుతున్నప్పటినుంచీ సరదాగా ఉంది. అత్తయ్యగారు అడిగింది ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది. గోల్డ్ ఫిష్‌లే కావాలంటే తొమ్మిదింటికి మీ హాల్లో సగం పట్టేంత ట్యాంకు పెట్టాలి. కానీ ప్లాటీ అని ఒక చిన్న చేప ఉంది, రెండంగుళాల పైన కొంచెం పెరుగుతుంది, అచ్చం పసుపు బంగారం రంగులో దొరుకుతుంది, నల్లవీ దొరుకుతాయి. మెక్సికో, మధ్య అమెరికా వైపు గట్టి నీళ్లలో పుట్టింది కాబట్టి మీ బోరు నీళ్లు దానికి పుట్టింటి నీళ్లలాంటివి. నెమ్మదైన చేప. ఎనిమిది పసుపు ప్లాటీలు, ఒక నల్ల ప్లాటీ, మీ ట్యాంకులో హాయిగా సరిపోతాయి. నల్ల ప్లాటీ దొరక్కపోతే ఒక బ్లాక్ మోలీ కూడా అవే నీళ్లలో ఉంటుంది, కాకపోతే అది ఇంకాస్త పెద్దదవుతుంది, మగదైతే మిగతా వాటిని తరమొచ్చు.

ఇందులోనూ ఒక చిక్కుంది. ప్లాటీలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి, నెలనెలా. ఆడవి షాపునుంచే కడుపుతో వస్తాయి, ఆ తర్వాత మగది పక్కన లేకపోయినా కొన్ని నెలలపాటు కంటూనే ఉంటాయి. కాబట్టి తొమ్మిదీ మగవే అడగండి. పొట్ట కింద వెనకవైపు రెక్క సన్నటి పుల్లలా ఉంటే మగది, విసనకర్రలా విచ్చుకుంటే ఆడది. షాపతను "అన్నీ ఒకటే మేడమ్" అంటాడు, కవర్‌ని వెలుతురుకి పట్టి మీరే చూసుకోండి. అన్నీ మగవే అయితే అప్పుడప్పుడు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, దాక్కోవడానికి మొక్కలుంటే అదేమంత పెద్ద గొడవ కాదు. పాపకి పిల్లల్ని చూపించాలనుంటే మూడు మగవి, ఆరు ఆడవి వేసుకోవచ్చు. చాలా పిల్లల్ని పెద్దవే తినేస్తాయి, అది పాప చూస్తుంది, మిగిలినవాటితో కొన్ని నెలల్లో ట్యాంకు నిండిపోతుంది, వాటినెవరికి ఇవ్వాలా అని మీరు తిరగాలి.

ఈ దారిలో ఫైటర్ అదే ట్యాంకులో ఉండకూడదు. పాప చదువుకునే బల్ల మీద ఇరవై లీటర్ల చిన్న ట్యాంకు, ఒక స్పాంజ్ ఫిల్టర్ పెడితే అది పాప సొంతం. ఖర్చు కొంచెం, పని కూడా కొంచెం పెరుగుతుంది, ఆ పని పాపకీ వాళ్ల నాన్నకీ అప్పజెప్పండి.

మూడో దారి మన దేశపు చేపే, జీబ్రా డానియో. వాగుల్లో తిరిగే రకం, ఎనిమిది వేస్తే రోజంతా పరుగులే, కొత్తవాళ్ల పొరపాట్లు చాలావరకు తట్టుకుంటుంది. మూత లేకపోతే బయటికి గెంతుతుంది. ఇది చవకైన, మొండి చేప, ఇంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు. నియాన్ టెట్రాలు అడుగుతారేమో, మీ నీళ్లకీ ఇంత కొత్త ట్యాంకుకీ వద్దు.

మీవారి ఏంజెల్స్ ఉండాలంటే నాలుగో దారి, పెద్ద ట్యాంకు. ఎత్తు కనీసం ఒకటిన్నర అడుగు, పొడవు మూడడుగులైనా ఉంటే బాగుంటుంది. మూడడుగుల ట్యాంకు నీళ్లతో కలిపి రెండు వందల కిలోలకి దగ్గరగా పోతుంది, టీవీ స్టాండ్ మీద పెట్టే వస్తువు కాదు. అప్పుడు కూడా ఏంజెల్స్‌తో బార్బ్‌లు కుదరవు, గోల్డ్ ఫిష్ కుదరదు. అంటే పెద్దది కొన్నంత మాత్రాన అన్నీ ఉంచుకోవచ్చని కాదు, ఇంకో రకాన్ని ఎంచుకునే అవకాశం వస్తుందంతే. ఆయన నిజంగా ఇష్టపడి, ఆదివారం బకెట్ పట్టుకోవడానికి ఒప్పుకుంటే ఈ దారి తప్పేం కాదు. ఒప్పుకోకపోతే ఆ బరువు కూడా మీ నడుం మీదే పడుతుంది, అది ముందే తేల్చుకోండి.

ఏ దారి ఎంచుకున్నా ట్యాంకుని ఒకేసారి ఖాళీ చేయకండి, తినడానికి అమ్మోనియా లేకపోతే ఇప్పుడిప్పుడే పుడుతున్న బ్యాక్టీరియా పోతుంది. ముందు బార్బ్‌లని, ట్యాంక్ క్లీనర్‌ని పంపండి. కొత్తవి కనీసం నెల తర్వాతే, టెస్ట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే, మూడేసి చొప్పున రెండు వారాల తేడాతో వేయండి. ట్యాంక్ క్లీనర్ వెళ్తే నాచు ఎలా అంటే, ట్యాంకుని కిటికీ ఎండకి దూరంగా జరిపి, లైటు ఏడెనిమిది గంటలకి మించి వేయకపోతే చాలు, మిగిలింది స్పాంజ్‌తో గాజు తుడిస్తే పోతుంది.

పంపడం ఎక్కడికి? కొన్నచోటే అడగండి, డబ్బులు రాకపోవచ్చు, ఊరికే అయినా తీసుకుంటారు చాలామంది. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వడం ఇంకా మేలు. చెరువు మాత్రం వద్దేవద్దు. మీరు వదిలే ఏంజెల్ పాపం రెండు రోజుల్లో ఏ కొంగ నోట్లోనో పడొచ్చు, కానీ ట్యాంక్ క్లీనర్ అలా పోదు. ఒళ్లంతా గట్టి ఎముక పలకల కవచం, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతిని ఇలాగే ఎవరెవరో పెంచలేక వదిలేస్తే ఇప్పుడు మన రెండు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో పెరిగి కూర్చుంది. దాని ముళ్లకి వలలు చిరుగుతున్నాయి, చేపల రైతులు దెయ్యం చేప అని పిలుస్తున్నారు. మీవారికి ఈ ఒక్క విషయం చెప్తే చాలనుకుంటాను.

ఇంట్లోవాళ్ల సంగతికి వస్తే, అత్తయ్యగారితో వాస్తు గురించి వాదనకి దిగొద్దు. అది మీరు గెలిచే వాదన కాదు, గెలవాల్సిన అవసరం కూడా లేదు. "మీరన్నట్టే తొమ్మిది పెడదాం అత్తయ్యా, ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది, కానీ ఈ నీళ్లకి పడేవి తెద్దాం, నెల ఆగాలి" అనండి. చచ్చినప్పుడల్లా ఇంకోటి తెచ్చే పద్ధతి ఒక్కటే ఆగాలి, ఎందుకంటే ఇప్పుడున్న నీళ్లలో ఏది వేసినా పోతుంది. ఆవిడ గోల్డ్ ఫిష్ అంటే గోల్డ్ ఫిషే అని పట్టుబట్టొచ్చు కూడా. అప్పుడు పెద్ద ట్యాంకు ఖర్చు ఆవిడ ముందు పెట్టండి.

మరిదికి మీరు చెప్పేకంటే మీవారు చెప్తేనే బాగుంటుంది, అన్నదమ్ముల మధ్య అది రెండు నిమిషాల మాట. "నువ్విచ్చింది పెద్దదయ్యే రకంరా, మా ట్యాంకు చాలట్లేదు" అంటే నొచ్చుకోడానికేముంది. మీ ఊళ్లో ఇంటి దగ్గర నీడపట్టున సిమెంటు తొట్టి ఉంటే మిగిలిన గోల్డ్ ఫిష్‌ని అందులో వేయొచ్చు, పైన వల కట్టాలి, పిల్లులున్నాయి, లకుముకి పిట్టలున్నాయి. తొట్టిలో ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేకపోతే మరిదినే ఇంకోటి తెమ్మనండి, ఇచ్చిన సంతోషం ఆయనకీ మిగులుతుంది.

పాపకి నిజం చెప్పండి. కీడు తీసుకుపోయిందనో, దేవుడి దగ్గరికెళ్లిందనో కాకుండా, నీళ్లు దానికి పడలేదు, మనకి తెలియలేదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాం అని. ఎనిమిదేళ్ల పిల్లకి అర్థమవుతుంది. కొన్ని చేపలు ఇల్లు మారుతున్నాయని కూడా ముందే చెప్పండి, లేకపోతే పొద్దున లెక్క తగ్గితే అన్నీ చచ్చిపోయాయనుకుంటుంది. వీలైతే షాపుకి ఇవ్వడానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.

ఫైటర్ తోక గురించి మీరు అడగలేదు కానీ, పాప అడుగుతుంది. మొదలుదాకా కొరికేయకపోతే మళ్లీ పెరుగుతుంది, కొన్ని వారాలు పడుతుంది, ముందున్నంత అందంగా రాకపోవచ్చు. చిరిగిన అంచు చుట్టూ సన్నగా, రంగు లేకుండా, ప్లాస్టిక్ కాగితంలా పారదర్శకంగా ఒక గీత కనిపిస్తే అది కొత్తగా వస్తున్న తోక. అంచు నల్లబడినా, దూదిలా తెల్లగా ఏదైనా పట్టినా నాకు మళ్లీ రాయండి. పొద్దున లెక్కపెట్టే బదులు ఆ గీత ఎంత పెరిగిందో చూడమనండి పాపని.